బటన్ నొక్కే ఉద్యోగమన్నది అబద్ధం

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ, అచ్యుతాపురం. ఈ ఊళ్ల చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా మందుల కంపెనీలో పనిచేసేవాళ్లు ఒకరిద్దరు తేలతారు. కెమిస్టు అంటే ఒక గౌరవం, క్యూసీ (నాణ్యత పరీక్షించే ల్యాబ్) అంటే మరికాస్త గౌరవం, ఆర్ అండ్ డీ అంటే ఇంక చెప్పనక్కర్లేదు. ఆపరేటర్ అనగానే మాత్రం ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది. "మెషిన్ ఆన్ చేసి ఆఫ్ చేయడమేగా" అనేస్తారు. పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్లే "కంపెనీలో చేస్తాడు" అని అక్కడితో ఆపేస్తారు. చదువు అబ్బనివాడు, ఇంజినీరింగ్ సీటు రానివాడు, డిగ్రీ చేసి ఏ దారీ దొరకనివాడు చివరికి చేరే చోటు అదేనని అందరూ ఒప్పేసుకున్నారు. మెయింటెనెన్స్ ఫిట్టర్‌కు ఆ పాటి లెక్క కూడా లేదు. పాడైతే పిలుస్తారు, బాగుచేశాక మర్చిపోతారు.

ఈ అభిప్రాయం తప్పు. దీని మూలంగా రోగులు చనిపోయారని విచారణ కమిటీ నివేదికే ఉంది. అయినా కంపెనీ గేటు లోపలా బయటా అదే మాట నడుస్తోంది. యంత్రం ముందు నిలబడే మనిషికి నైపుణ్యం అక్కర్లేదనుకున్నాక, అతనికి శిక్షణ ఎవరూ ఇవ్వరు, సర్టిఫికెట్ ఎవరూ అడగరు, అతను చెప్పేది ఎవరూ వినరు.

బటన్ నొక్కడమే పని అనేవాళ్లు ఒక షిఫ్ట్ పాటు మాత్రలు అచ్చువేసే కంప్రెషన్ గదిలో నిలబడితే చాలు. రోటరీ మెషిన్‌లో టరెట్ అనే బరువైన ఉక్కు చక్రం తిరుగుతుంటుంది. దాని అంచు వెంట వరసగా డైలు. ఒక్కో డైకి పైన ఒక పంచ్, కింద ఒక పంచ్. హాపర్ నుంచి జారిన గ్రాన్యూల్స్ ఫీడ్ ఫ్రేమ్ మీదుగా డైలో నిండుతాయి. రోలర్ల మధ్య రెండు పంచ్‌లూ నొక్కుకుని మాత్ర అచ్చవుతుంది, కింది పంచ్ దాన్ని పైకి తోసేస్తుంది. పెద్ద మెషిన్ అయితే గంటకు లక్షల మాత్రలు రాలుతాయి. అద్దం అవతలి నుంచి చూసేవాళ్లకు ఇదంతా దానంతట అదే జరిగిపోతున్నట్టే ఉంటుంది.

ఇంతలో మాత్రల పైభాగం పొరలా ఊడి రావడం మొదలవుతుంది. ప్లాంటులో దాన్ని క్యాపింగ్ అంటారు. గ్రాన్యూల్ మరీ ఎండిపోయి ఉండొచ్చు. ఫైన్స్, అంటే మరీ సన్నటి పొడి, ఎక్కువై ఉండొచ్చు. టరెట్ వేగానికి లోపలి గాలి బయటికి పోయే వ్యవధి దొరక్కపోయి ఉండొచ్చు. డై లోపలి గోడ అరిగి ఉండొచ్చు. స్క్రీన్ మీద ఫోర్స్ అంకె కనిపిస్తుంది కానీ వీటిలో ఏది కారణమో కనిపించదు. పని తెలియనివాడైతే మాత్ర గట్టిపడాలని ఫోర్స్ పెంచుతాడు. దాంతో క్యాపింగ్ ఇంకా ముదురుతుంది. తెలిసిన ఆపరేటర్ ముందు వేగం తగ్గిస్తాడు, ప్రీ-కంప్రెషన్ సరిచేస్తాడు, ఎండబెట్టినప్పుడు ఎల్‌వోడీ (మిగిలిన తేమ కొలత) ఎంత వచ్చిందో బీఎంఆర్, అంటే బ్యాచ్ తయారీ రికార్డు, వెనక్కి తిప్పి చూస్తాడు. ఊడుతున్న మాత్రలు ఏ స్టేషన్ల నుంచి వస్తున్నాయో విడిగా ఏరి చూస్తాడు. అన్ని స్టేషన్లలోనూ వస్తుంటే అనుమానం గ్రాన్యూల్ మీదికి పోతుంది. ఒకట్రెండు స్టేషన్లలోనే వస్తుంటే టూలింగ్ మీదికి. ఇదంతా బీఎంఆర్‌లో రాసిన హద్దుల లోపలే చేయాలి. హద్దు దాటాల్సి వస్తే మెషిన్ ఆపి, తయారీ మధ్యలో నాణ్యత చూసే ఐపీక్యూఏను పిలవాలి. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.

చప్పుడు సంగతి వేరే చెప్పాలి. పొడి చేరి ఒక కింది పంచ్ బిగుసుకుపోతే, స్క్రీన్ మీద అలారం రాకముందే టరెట్ లయలో ఒక చిన్న తేడా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి అదే మెషిన్ మీద చేసినవాడు ఆ తేడా పట్టుకుని వెంటనే ఆపేస్తాడు. ఆపకపోతే బిగుసుకున్న పంచ్ తల క్యామ్ ట్రాక్‌ను రాసుకుంటుంది, రాసుకున్నచోట లోహం అరుగుతుంది, ఆ పొడి మాత్రల్లో నల్లటి చుక్కలై తేలుతుంది. తర్వాత మెటల్ డిటెక్టర్ ఉంది నిజమే. కానీ డిటెక్టర్‌కు దొరికేసరికి ఎంత సరుకు చెడిపోయిందో, క్యామ్ మార్చడానికి లైన్ ఎన్నాళ్లు ఆగాలో లెక్క వేసిన మేనేజర్ ఎవరూ ఆ ఆపరేటర్‌ను బటన్ నొక్కేవాడని అనడు.

మందుల ముడిసరుకు తయారయ్యే బల్క్ డ్రగ్ వైపు వెళితే ప్రమాదం ఇంకా దగ్గరగా ఉంటుంది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్ బయటికి ఉక్కు, లోపల గాజు పూత. దాని చుట్టూ ఉండే జాకెట్‌లో చల్లటి బ్రైన్ (ఉప్పునీరు) తిరుగుతుండగా ఒక్కసారిగా స్టీమ్ వదిలితే ఉక్కు, గాజు ఒకే తీరున సాగవు, పూత చిట్లుతుంది. చిట్లిన చోట హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉక్కును తినేస్తుంది, ఇనుము మందులో కలుస్తుంది. అందుకే బ్రైన్ వెనక్కి పంపి, జాకెట్ ఖాళీ చేసి, మెల్లగా వేడికి రావాలి. మెయింటెనెన్స్‌వాళ్లు మధ్యమధ్యలో స్పార్క్ టెస్ట్ చేసి పూతలో సూది బెజ్జమంత లోపమైనా ఉందేమో వెతకాలి. ఇక వేడి పుట్టించే రియాక్షన్‌లో రీఏజెంట్ బొట్టుబొట్టుగా పోస్తుంటే, "రియాక్టర్ చల్లగానే ఉందిగా, కాస్త తొందరగా పోసేద్దాం" అనిపించే క్షణం ఒకటి వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మరీ చల్లగా ఉంటే పోసింది పోసినట్టు రియాక్ట్ కాకుండా పేరుకుంటుంది. తర్వాత కాస్త వేడి తగిలిందంటే పేరుకున్నదంతా ఒకేసారి రియాక్ట్ అవుతుంది. అప్పుడు ఏ చిల్లర్ కూడా దాన్ని చల్లార్చలేదు. ఈ సంగతి తెలియని మనిషిని హెల్పర్‌గా తీసుకుని నాలుగు వారాలకే రియాక్టర్ దగ్గర నిలబెడితే, ఆ తర్వాత జరిగేదాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ఇంత చెప్పినా ఒక జవాబు వస్తుంది. "తప్పు జరిగినా క్యూసీ పట్టుకుంటుంది కదా, ల్యాబ్ ఉన్నది అందుకే కదా" అని. బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్మే మాట ఇది. 1972లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక ఘోరం దీన్ని తిప్పికొట్టింది.

ప్లిమత్‌లోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో రోగులకు డెక్స్‌ట్రోజ్ ద్రావణం ఎక్కించారు. ఆ సీసాల్లో బ్యాక్టీరియా పెరిగి ఉంది. ఐదుగురి మరణాలు దానితో ముడిపడ్డాయి. సీసాలు తయారైంది లివర్‌పూల్ శివారు స్పీక్‌లోని ఎవాన్స్ మెడికల్ ఫ్యాక్టరీలో, అంతకుముందు ఏడాది. సెసిల్ క్లోథియర్ అనే న్యాయవాది అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. బయటపడిన కథ ఇది. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ అడుగుభాగంలోని ఉష్ణోగ్రతను కాగితం మీద గీసే రికార్డర్ ఒకటి ఉంది. ఆ సీసాల లోడ్ పెట్టినప్పుడు ఉష్ణోగ్రత పెరగాల్సినంత పెరగలేదని అది గీసింది. మిగతా మీటర్లు మాత్రం అంతా సవ్యంగానే ఉందని చూపించాయి. రికార్డరే చెడిపోయిందనుకుని లోడ్‌ను వదిలేశారు. నిజానికి ఛాంబర్ అడుగున గాలి చిక్కుకుపోయింది. గాలి కదలని చోటికి ఆవిరి చేరదు, ఆవిరి చేరని చోట క్రిములు చావవు. పై అరల సీసాలు శుద్ధమయ్యాయి, కింది అరల సీసాలు కాలేదు. స్టెరిలిటీ పరీక్షలో బ్యాచ్ పాసైంది. పాసైన బ్యాచే ఆసుపత్రికి చేరింది.

ఆ కమిటీ ఒక చెడిపోయిన యంత్రం మీద నెపం వేసి ఊరుకోలేదు. స్టెరిలైజేషన్ తేలికైన పనని, పెద్దగా నైపుణ్యం లేనివాళ్లు చాలునని, పైనుంచి చూసేవాళ్లు కూడా అంతగా అక్కర్లేదని చాలామంది నమ్ముతున్నారని, ఆ నమ్మకం పూర్తిగా తప్పని తేల్చింది. ఈ వ్యాసం ఖండిస్తున్న అభిప్రాయాన్నే ఒక ప్రభుత్వ కమిటీ మరణాలకు కారణాల లెక్కలో చేర్చి 50 ఏళ్లు దాటింది.

ల్యాబ్ ఎందుకు పట్టుకోలేకపోయిందో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. స్టెరిలిటీ పరీక్షకు పెద్ద బ్యాచ్‌లోంచి తీసేది మామూలుగా 20 వయల్స్. 10,000 వయల్స్ బ్యాచ్‌లో 100 వయల్స్ చెడిపోయాయనుకుందాం. తీసిన 20లో చెడ్డది ఒక్కటైనా ఉండే అవకాశం సుమారు 18 శాతం. అంటే అయిదింట నాలుగుసార్లు ఆ బ్యాచ్ పాసవుతుంది, ల్యాబ్ తప్పేమీ లేకుండానే. మందు శుద్ధంగా ఉందన్న భరోసా ఆటోక్లేవ్ తలుపు వేసినవాడి దగ్గర, ఆవిరి లైన్‌లో స్టీమ్ ట్రాప్ మూసుకుపోకుండా చూసినవాడి దగ్గర, ఉష్ణోగ్రత సెన్సర్‌ను గడువు దాటకుండా క్యాలిబ్రేట్ చేసినవాడి దగ్గర మొదలవుతుంది. ల్యాబ్ ఆ ముగ్గురి పని మీద ఆధారపడి సంతకం పెడుతుంది.

నియంత్రణ సంస్థలకు ఈ సంగతి బాగా తెలుసు. అమెరికా జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) నిబంధనలు తయారీలో చేయి పెట్టే ప్రతి మనిషికీ తగిన చదువు, శిక్షణ, అనుభవం ఉండాలంటాయి. యంత్రం శుభ్రం చేసిన వివరం, వాడిన వివరం లాగ్ బుక్‌లో రాసి తీరాలంటాయి. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2023 డిసెంబరులో నోటిఫై చేసిన కొత్త షెడ్యూల్ ఎం (మన జీఎంపీ నిబంధనలు) కూడా యంత్రాల క్వాలిఫికేషన్‌కు, వ్యాలిడేషన్‌కు, సిబ్బంది శిక్షణకు పెద్ద పీట వేసింది. ఇన్‌స్పెక్టర్ ప్లాంటుకొస్తే మేనేజర్ గదిలో కూర్చుని వెళ్లిపోడు. షాప్ ఫ్లోర్‌కు వచ్చి, ఆపరేటర్‌ను ఆపి, "ఈ మెషిన్ ఎలా శుభ్రం చేస్తావు? ఈ అలారం వస్తే ఏం చేస్తావు?" అని అడుగుతాడు. ఆ రెండు నిమిషాల్లో తడబడితే అది రాతపూర్వకమైన అబ్జర్వేషన్ అవుతుంది. దేశం దాటి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు ముఖ్యుడిగా కనిపించిన మనిషి సొంత కంపెనీ హెచ్ఆర్‌కు మాత్రం నెలనెలా మార్చుకోదగ్గ కాంట్రాక్ట్ లేబర్!

ఉష్ణోగ్రత కొలిచే రికార్డర్ మాట పైన వచ్చింది కాబట్టి విశాఖ ఎల్జీ పాలిమర్స్‌ను కూడా తలుచుకోవాలి. అది మందుల ప్లాంటు కాదు కానీ పాఠం ఒకటే. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూస్తే ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలోనూ పైనా ఎంత వేడెక్కిందో చెప్పే సాధనమే లేదు. చల్లబరిచే రిఫ్రిజిరేషన్‌ను సాయంత్రమే ఆపేస్తున్నారు. స్పీక్ ఫ్యాక్టరీలో అడుగునున్న రికార్డర్ నిజం చెప్తే నమ్మలేదు. విశాఖలో అడుగునున్న థర్మామీటర్‌ను నమ్మి పైనున్న నిజాన్ని చూడలేదు. సెన్సర్ ఎక్కడ పెట్టాలి, దాని మాట ఎప్పుడు నమ్మాలి అన్నది ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ విద్య. ఆ విద్యకు ప్లాంటులో దక్కే స్థానం ఏపాటిదో ఈ రెండు ఘటనలూ చెప్తాయి.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదట వినిపించేది "కార్మికుల నిర్లక్ష్యం". ఇది బటన్ సిద్ధాంతానికి తోబుట్టువు. పని తేలికైనదైతే తప్పు చేసినవాడు అజాగ్రత్తపరుడై తీరాలి కదా! ఈ తర్కం యాజమాన్యానికి చాలా సౌకర్యం. పాత యంత్రం గురించి, వాయిదా పడిన మెయింటెనెన్స్ గురించి, ఇవ్వని శిక్షణ గురించి ఎవరూ అడగరు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ప్లాంటులో 17 మంది ప్రాణాలు పోయాయి. ఎంటీబీఈ అనే సాల్వెంట్ పైపులైను దగ్గర లీకై, ఆవిరి కమ్ముకుని పేలింది. ఎంటీబీఈ 55 డిగ్రీలకే మరిగిపోతుంది; సున్నాకు 28 డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు. ఇలాంటి సాల్వెంట్లు మోసే లైన్లో ఫ్లాంజ్ బిగించడం ఎంత పెద్ద పనో బయటివాళ్లకు తెలియదు. రెండు పైపులు కలిసేచోట మధ్యలో గాస్కెట్ పెట్టి చుట్టూ బోల్టులు బిగిస్తారు. పక్కపక్క బోల్టులు వరసపెట్టి బిగిస్తే గాస్కెట్ ఒకవైపు నలిగి మరోవైపు వదులవుతుంది. ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి, విడతలు విడతలుగా బిగించాలి. పీటీఎఫ్‌ఈ గాస్కెట్ ఒత్తిడికి మెల్లగా సాగుతుంది, లైన్ వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలి. విప్పిన గాస్కెట్‌ను తిరిగి పెట్టకూడదు. చివర నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బునీళ్లు పూసి, బుడగ వస్తుందేమో చూడాలి. రాత్రి రెండు గంటలకు బ్యాచ్ ఆగిపోయి, పైనుంచి ఫోన్ మీద ఫోన్ వస్తున్నప్పుడు కూడా ఈ వరస తప్పని ఫిట్టర్ ఉన్నాడంటే, ఆ బ్లాక్‌లో ఉన్న అందరూ అతనికి రుణపడి ఉన్నారు.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే, 2025 జూన్ 30న, పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్రల్లో వాడే తెల్లటి పొడి. తినడానికి హాని లేనిదే. కానీ సన్నటి సెల్యులోజ్ పొడి గాలిలో తేలుతూ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 50 మందికి పైగా చనిపోయారు, కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు వారిలో ఎందరో. మరణించిన ఒక ఉద్యోగి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఒక ఆరోపణ ఉంది: యంత్రాలు పాతబడ్డాయి, మార్చండి అని ఆయన ఎన్నోసార్లు చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదని. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. కానీ ఆ ఫిర్యాదులోని మాట ఏ ప్లాంటు ఆపరేటర్‌కైనా కొత్తగా అనిపించదు. యంత్రం ఎప్పుడు మొరాయించబోతోందో దాని పక్కన పన్నెండు గంటలు నిలబడ్డవాడికే ముందు తెలుస్తుంది. అతని మాటకు విలువ ఉండాలంటే ముందు అతని పనికి విలువ ఉండాలి.

ఇంకొందరు మరో దారిలో వస్తారు. "ఆటోమేషన్ వచ్చేస్తోంది, ఇంకా ఆపరేటర్ ఉద్యోగమేంటి, పదేళ్లలో అవన్నీ పోతాయి" అని పిల్లలకు సలహా ఇస్తారు. యంత్రాలను నడిపే పీఎల్‌సీలు, వాటిని స్క్రీన్ మీద చూపే స్కాడాలు ఇప్పటికే మన ప్లాంట్లలో ఉన్నాయి, కొత్తవేం కాదు. బస్తాలు మోయడం, చేత్తో కలపడం, చేత్తో తోడటం వంటి పనులు తగ్గాయి, తగ్గాల్సిందే. కానీ పీఎల్‌సీ తన సెన్సర్ చెప్పిందే నమ్ముతుంది. ఉష్ణోగ్రత కొలిచే ఆర్‌టీడీ రెండు డిగ్రీలు తప్పు చూపిస్తే ఆటోమేటిక్ సిస్టమ్ ప్రతి బ్యాచ్‌నూ ఆ రెండు డిగ్రీల తప్పుతోనే, ఏమాత్రం తేడా రాకుండా తయారుచేస్తుంది. దాన్ని పట్టుకునేది క్యాలిబ్రేషన్ చేసే మనిషి. యూరప్ స్టెరైల్ మందులకు పెట్టిన కొత్త అనెక్స్ 1 నిబంధనలు 2023 ఆగస్టు 25 నుంచి అమల్లోకి వచ్చాయి. అవి మనిషిని మందుకు దూరంగా ఉంచే ఐసొలేటర్ల వైపు పరిశ్రమను నెడుతున్నాయి. దాంతో మనిషి పని తేలికైందా? ఐసొలేటర్ గ్లవ్‌లో కంటికి కనిపించని చిల్లి ఉందేమో పరీక్షించాలి. లోపల వయల్ పడిపోతే ఏ చేత్తో, ఏ పనిముట్టుతో, గాలి ప్రవాహానికి అడ్డు రాకుండా ఎలా తీయాలో తెలియాలి. అసెప్టిక్ గదిలోకి వెళ్లేవాళ్లు గౌనింగ్ పరీక్ష పాసవ్వాలి. మందుకు బదులు క్రిములు పెరిగే మీడియా నింపి చేసే మీడియా ఫిల్‌లో ఏడాదికి ఒకసారైనా పాల్గొనాలి. కొత్త యంత్రం వచ్చిన కొద్దీ తెలియాల్సింది పెరుగుతోంది. దీన్ని చూసి ఆపరేటర్ కాలం చెల్లిందనేవాళ్లు ప్లాంటు చూడకుండా మాట్లాడుతున్నారు.

ఎదుటివాదంలో ఒక్క నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. జీతాలు తక్కువ. చాలాచోట్ల ఆపరేటర్ కంపెనీ రోల్స్‌లో ఉండడు, కాంట్రాక్టర్ కింద ఉంటాడు. కాగితం మీద హెల్పర్, పనిలో ఆపరేటర్. పదేళ్లు చేసినా పేరు ముందు సీనియర్ అన్న మాట చేరుతుందే తప్ప జీతం కదలదు. నైట్ షిఫ్ట్‌లు ఒళ్లు హూనం చేస్తాయి. ఇవన్నీ చూపించి "అందుకే ఈ ఉద్యోగం వద్దు" అంటారు. కానీ జీతం తక్కువ కావడానికి కారణం పని చిన్నది కావడమా, చిన్నదని అందరూ అనుకోవడమా? జవాబు వెతకాలంటే అదే ప్లాంటులో పది అడుగుల దూరంలో ఉన్న బాయిలర్ హౌస్‌కు వెళ్లాలి.

బాయిలర్ దగ్గర ఎవరు పడితే వాళ్లు నిలబడటానికి చట్టం ఒప్పుకోదు. బ్రిటిష్ కాలంలో, 1923లో వచ్చిన బాయిలర్స్ చట్టం నుంచి ఈమధ్య దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం దాకా ఆ పట్టు సడలలేదు. పరీక్ష రాసి, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ కాగితం ఉన్నవాడిని యాజమాన్యం తేలిగ్గా తీసేయలేదు. అతను లేకపోతే బాయిలర్ నడపకూడదు కాబట్టి. ఆ బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరితోనే వేడెక్కే రియాక్టర్, లోపల టాలుయిన్, పైన నైట్రోజన్, పక్కన హైడ్రోజన్ సిలిండర్లు. దాని ముందు నిలబడే మనిషికి మాత్రం అంత గట్టి అర్హత పరీక్ష లేదు. లైఫ్ సైన్సెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఆపరేటర్లకు సర్టిఫికెట్ కోర్సులు తయారుచేసింది, మంచిదే. అవి బాయిలర్ సర్టిఫికెట్‌లా, లేనివాడు వాల్వ్ మీద చెయ్యి వేయకూడదన్నంత బలంగా అమలైతేనే ఆపరేటర్‌కు బేరమాడే శక్తి వస్తుంది. ఔషధ నియమాలు తయారీని పర్యవేక్షించే కెమిస్టుకు చదువు ఎంత, అనుభవం ఎన్నాళ్లు అని లెక్కగట్టి చెప్తాయి. చేతులతో చేసేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క వదులైపోతుంది.

జర్మనీలో వదులు కాలేదు. అక్కడ ఫార్మకాంట్ అని ఒక వృత్తి ఉంది. స్కూలు చదువయ్యాక మూడున్నరేళ్ల శిక్షణ. కొన్నాళ్లు కంపెనీలో యంత్రాల దగ్గర, కొన్నాళ్లు వృత్తి పాఠశాలలో. చివర వాణిజ్య, పరిశ్రమల ఛాంబర్ పెట్టే పరీక్ష. గ్రాన్యులేషన్, కంప్రెషన్, స్టెరైల్ ఫిల్లింగ్, ప్యాకింగ్, యంత్రాల తొలి స్థాయి మరమ్మతు అన్నీ అందులోనే. తర్వాత మైస్టర్ పరీక్ష రాసి లైన్ బాధ్యతలు తీసుకునే దారి తెరిచే ఉంటుంది. మాత్ర తయారు చేయడానికి మూడున్నరేళ్ల చదువు అవసరమని ఆ దేశం అనుకుంది. అదే మాత్రను, అదే జర్మన్ కంపెనీ యంత్రం మీద, అదే యూరప్ మార్కెట్ కోసం తయారుచేసే జడ్చర్ల కుర్రాడికి వారం రోజుల ఇండక్షన్ చాలని మనం అనుకుంటున్నాం.

మన దగ్గర పునాదులు లేక కాదు. ఐటీఐల్లో అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్, మెయింటెనెన్స్ మెకానిక్ కెమికల్ ప్లాంట్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్ అనే ట్రేడ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. పంపులు, వాల్వులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, ప్రెషర్ గేజ్‌లు, ట్రాన్స్‌మిటర్లు వాటి సిలబస్‌లోనివే. అయినా ఐటీఐలో చేరే పిల్లలు మొదట ఎలక్ట్రీషియన్, తర్వాత ఫిట్టర్ అడుగుతారు. ఈ ట్రేడ్ల పేరు చాలామంది తల్లిదండ్రులు విననే లేదు. బల్క్ డ్రగ్స్‌తో పేరు తెచ్చుకున్న రెండు రాష్ట్రాల్లో ఈ పరిస్థితి ఉండటం సిగ్గుచేటు.

హైదరాబాద్‌కు ఆ పేరు వచ్చింది ఎలాగో కూడా గుర్తు చేసుకోవాలి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు పెట్టింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి తర్వాత సొంత దారి వెతుక్కుని 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ కథ అందరూ చెప్తారు, చెప్పాల్సిందే. దానితో పాటు చెప్పనిది ఒకటుంది: రియాక్టర్ నడపడం, సెంట్రిఫ్యూజ్ దింపడం, గాస్కెట్ కోయడం, వ్యాక్యూమ్ పంపు విప్పి బిగించడం తెలిసిన మనుషులు ఒక తరం తయారవకపోతే ఏ పారిశ్రామికవేత్త ఆలోచనా టన్నుల్లో బయటికి వచ్చేది కాదు. జీడిమెట్ల షెడ్లలో తొలి రియాక్టర్లు నడిచింది ఆ చేతుల మీదే. వాళ్ల పేర్లు ఏ కంపెనీ చరిత్రలోనూ అచ్చు కాలేదు.

ఇప్పుడు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. ప్రధాని 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. ఆవిరి, సాల్వెంట్ రికవరీ, వ్యర్థజలాల శుద్ధి వంటి ఉమ్మడి సదుపాయాలకు కేంద్ర పథకంలో ఒక్కో పార్కుకు 1,000 కోట్ల దాకా ఇస్తారు. ఆ డబ్బులో కొంత పెట్టి, మొదటి కంపెనీ మొదటి బ్యాచ్ తీయకముందే, అక్కడొక శిక్షణ ప్లాంటు కట్టాలి. నీళ్లతో నడిచే అసలు సైజు రియాక్టర్, విప్పి బిగించడానికి పాత సెంట్రిఫ్యూజ్, ఫ్లాంజ్‌లు నిండిన పైపులైను, కావాలని తప్పు చూపించే సెన్సర్లు ఉన్న కంట్రోల్ ప్యానెల్. అందులో ఆరు నెలలు చేసి, పరీక్ష పాసై, ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టరేట్ సంతకమున్న కార్డు తీసుకున్నవాడినే సాల్వెంట్ బ్లాక్‌లోకి రానివ్వాలి. కాంట్రాక్టర్ మారినా ఆ కార్డు అతనిదే, అది చూపించి అడిగే జీతం అతనిదే. లీక్ కనిపించి బ్యాచ్ ఆపితే అతని మీద మెమో ఇవ్వకూడదన్న షరతు కూడా ఆ పార్కులో స్థలం కేటాయించే ఒప్పందంలోనే రాయాలి.